లోయర్ చేసిన కారుకు అలాయ్‌లా? సంక్రాంతికి బయల్దేరే ముందు చదవండి

పోయిన శనివారం రాత్రి పదకొండు దాటాక ఒక స్విఫ్ట్‌ని టోయింగ్ బండి మీద మా షాపుకి తెచ్చారు. హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే కోదాడ దాటిన కాసేపటికి వెనక ఎడమ టైర్ పోయిందట. కారులో ఐదుగురు, డిక్కీ నిండా సామాను. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. "రాయి తగిలిందన్నా" అన్నాడు నడిపిన కుర్రాడు.

రాయి కోస్తే ఒకచోట కోస్తుంది. ఈ టైర్ భుజం మీద (నేలని తాకే భాగం పక్క గోడగా మలుపు తిరిగే అంచు) చుట్టూతా, బ్లేడు పట్టుకుని గీసినట్టు, ఒకే గీత. చక్రం పైన ఉండే వెనక ఫెండర్ రేకు అంచు లోపలికి మడిచి ఉంటుంది కదా, ఆ మడత మీద వేలు పెట్టి చూడమన్నాను. పెయింట్ లేచిపోయి రేకు తెల్లగా మెరుస్తోంది. నెల క్రితం స్ప్రింగులు మార్చి కారుని 40 మిల్లీమీటర్లు దించాడు. పది రోజుల క్రితం వెడల్పు అలాయ్‌లు (అలాయ్ రిమ్ములు) వేయించాడు. "వేసినప్పుడు రెండు వేళ్ల సందు ఉందన్నా, ఫోటో కూడా ఉంది" అన్నాడు.

ఉంటుంది. అప్పుడు కారు ఖాళీ కదా!

ఇన్నేళ్లలో నేను చూసిన, టైర్ ఫెండర్‌కి తగలడాల్లో ఎక్కువ వాటికి కారణం ఈ ఒక్క తప్పే. పీసీడీ (నట్ల రంధ్రాల వలయం కొలత) చూసుకుంటారు, రంగు చూసుకుంటారు, ఆఫ్‌సెట్ కూడా చూసుకుంటారు. అంతా చూసుకుని, చివరికి ఖాళీ కారుని నున్నటి గచ్చు మీద స్టీరింగ్ నిటారుగా పెట్టి నిలబెట్టి, సరిపోయిందనుకుంటారు. ఖాళీ కారు మీద తీసిన కొలత కొలత కాదు.

ఎందుకో చెప్తాను. స్విఫ్ట్, ఐ20, పోలో, సిటీ, వీటన్నిటికీ వెనక ఉండేది టార్షన్ బీమే, అంటే వెనక రెండు చక్రాలనీ కలిపే అడ్డ దూలం. బరువు పడ్డప్పుడు చక్రం పైభాగం లోపలికి పెద్దగా వాలదు, దాదాపు నిటారుగా పైకి లేస్తుంది. టైర్ భుజం ఫెండర్ మడత కిందకే వచ్చి ఉంటే నేరుగా దానికే తగులుతుంది. ఇంకో సంగతి. బంప్ స్టాపులు (చక్రం మరీ పైకి వెళ్లకుండా ఆపే రబ్బరు ముక్కలు) కోయనంత వరకు, కారుని దించినా చక్రం అంతకు ముందు వెళ్లని చోటికేమీ వెళ్లదు. కంపెనీ ఎత్తులో ఎప్పుడో పెద్ద గుంటలో పడితే చేరే చోటికి, దించిన కారులో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా చేరుతుంది. బంప్ స్టాప్ కోసిన కారైతే ఆ హద్దు కూడా దాటుతుంది.

ఇప్పుడు లెక్క. ఆఫ్‌సెట్ అంటే రిమ్ వెడల్పుకి సరిగ్గా మధ్య నుంచి, హబ్‌కి (చక్రం బిగించే కారు వైపు భాగం) ఆనుకునే ముఖం ఎంత దూరంలో ఉందన్నది. రిమ్ మీద ఈటీ అని, పక్కన మిల్లీమీటర్లలో అంకె ఉంటుంది. ఈటీ తగ్గితే చక్రం బయటికి, పెరిగితే లోపలికి. ఇంతవరకు అందరికీ తెలుసు. మరిచిపోయేది వెడల్పుని. ఉదాహరణకు 6జే ఈటీ45 (6 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 45) తీసి 7జే ఈటీ35 వేశారనుకోండి. "పదే కదా తేడా" అంటారు. కాదు. అంగుళం వెడల్పులో సగం 12.7 బయటికి, దానికి ఈటీ తేడా 10. మొత్తం 22.7 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. లోపలికి వెళ్లింది 2.7 మాత్రమే. అదే 7జే ఈటీ45 తీసుకుంటే రెండు వైపులా 12.7. లోపల సందు ఉందా లేదా చూసుకుని ఈ రెండిటి మధ్య ఎక్కడో ఆగాలి. కాగితం మీద ఈ లెక్క వేయకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ముందు చక్రాల లోపలి వైపు సంగతి వేరు. మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసున్న నిలువు కడ్డీ) స్ట్రట్ కింది భాగం చక్రంతో పాటే కదులుతుంది కాబట్టి ఆ సందు కారు నిలబడి ఉన్నప్పుడు కూడా కొలవచ్చు. నేను చపాతీ పిండి వాడతాను, నవ్వకండి. శనగగింజంత ముద్ద స్ట్రట్ మీద, స్ప్రింగ్ కూర్చునే పళ్లెం అంచున అంటించి, చక్రం బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి ఊడదీస్తే, ముద్ద ఎంత మందం మిగిలిందో అదే మీ సందు. 5 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే నేను ఒప్పుకోను. మలుపులో టైర్ గోడ ఉబ్బుతుంది. పైగా లోపలి వైపు కోత పడితే బయటినుంచి ఎవరికీ కనపడదు.

బయటి వైపుకి మాత్రం బరువు పెట్టి చూడాల్సిందే. వెనక సీట్లో ముగ్గురు, ముందు ఇద్దరు, డిక్కీలో ఊరికి తీసుకెళ్లేంత బరువు. మనుషులు దొరకకపోతే ఇసుక బస్తాలు. టైర్ భుజాలకి చుట్టూ సుద్ద రాయండి. స్టీరింగ్ ఆ చివరికి, ఈ చివరికి పూర్తిగా తిప్పి, ముందుకీ వెనక్కీ నడిపి, ఒక పక్క చక్రం మాత్రమే ఎక్కేలా స్పీడ్ బ్రేకర్‌ని ఏటవాలుగా దాటించండి. దిగి చూడండి. సుద్ద చెరిగినచోట టైర్ తగిలినట్టే. రివర్స్‌లో పూర్తి మలుపు చాలామంది మర్చిపోతారు, ముందు చక్రం పైనుండే ప్లాస్టిక్ లైనర్ తగిలేది తరచూ అప్పుడే.

సైజు గురించి రెండు మాటలు. 185/65 ఆర్15 (185 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం టైర్ గోడ, 15 అంగుళాల రిమ్) మొత్తం ఎత్తు దాదాపు 621 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 కూడా అంతే. 205/45 ఆర్17 అయితే 616. మూడూ కాగితం మీద సరిపోతాయి. కానీ 15 దాంట్లో టైర్ గోడ 120, 17 దాంట్లో 92. దించిన కారుకి సస్పెన్షన్ ప్రయాణం ముందే తగ్గింది, టైర్ గోడ కూడా తగ్గిస్తే గుంట దెబ్బ తినేది రిమ్మే. మన రోడ్లకి, దించిన కారుకి, 16 దగ్గర ఆగమంటాను. 17 అందంగా ఉంటుంది, కాదనను. లోడ్ ఇండెక్స్ కూడా చూడండి. 88 అంటే టైర్‌కి 560 కిలోలు, 84 అంటే 500. ఐదుగురు ఎక్కే కారులో ఆ 60 కిలోలు చిన్న తేడా కాదు.

హబ్ బోర్, అంటే రిమ్ నడిమి రంధ్రం. స్విఫ్ట్ హబ్ 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే చాలా అలాయ్‌లకి నడిమి రంధ్రం 73.1. మధ్యలో రింగు లేకపోతే చక్రాన్ని మధ్యకి పట్టి ఉంచేది నట్లు ఒక్కటే. ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, మీరేమో బ్యాలెన్సింగ్ మీద బ్యాలెన్సింగ్ చేయిస్తూ ఉంటారు.

పోలో వాళ్లకి ప్రత్యేకం. కంపెనీ బోల్టుల తల గుండ్రం, బయటి అలాయ్‌ల గుంట ఎక్కువగా కోను ఆకారం. పాత బోల్టులతో కొత్త అలాయ్ బిగించకండి. బిగిసినట్టే ఉంటుంది, బిగియదు.

ఇక మిగతావి వరసగా.

స్పేసర్లతో (హబ్‌కీ రిమ్‌కీ మధ్య పెట్టే పళ్లేలు) ఈటీ సరిచేస్తామంటే వద్దనండి. వాటి మందం వల్ల నట్‌కి పట్టే చుట్లు తగ్గుతాయి. నట్ కనీసం ఎనిమిది, పది చుట్లు తిరగాలి, నాలుగు చుట్లకే ఆగితే ఆ కారు రోడ్డెక్కకూడదు.

సన్నటి టైర్‌ని వెడల్పు రిమ్ మీద సాగదీసి ఎక్కించకండి. తగలదు, నిజమే. గుంటలో రిమ్ మీంచి జారుతుంది.

ఫెండర్ మడతని సుత్తితో కొట్టించకండి. రోలర్‌తో, పెయింట్ వేడిచేసి, మెల్లగా మడిపించండి. లేదంటే వానాకాలానికి తుప్పు.

రిమ్ వెనక లోడ్ రేటింగ్ అచ్చు లేకపోతే కొనకండి. కాపీ రిమ్ చౌక అని చెప్పడానికి రాకండి.

దించిన తర్వాతే అలైన్‌మెంట్. అలాయ్‌లు వేశాక మళ్లీ.

వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. ఎయిర్ గన్‌తో కాదు.

నట్లకి తాళం ఉంటే దాని కీ కారులోనే. బీరువాలో కాదు.

స్టెప్నీ పాత రిమ్మే కదా, దాని నట్లు కూడా డిక్కీలో ఉండాలి. ఒకసారి వేసి చూడండి, ఇంట్లో, పగలు.

ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. "అందరూ వేయించుకుంటున్నారు" అనేది సమాధానం కాదు.

కాలిన రబ్బరు వాసన వస్తే ఆపండి. టోల్ గేట్ దాకా వెళ్లి చూద్దామనుకోవద్దు.

ఖాళీ కారు మీద తీసిన కొలత కొలత కాదు. మీ బావమరిది చూసినా, షాపువాడు చూసినా, నేను చూసినా.

ఆ స్విఫ్ట్ ఇంకా మా షాపులోనే ఉంది. పాత 15 అంగుళాల రిమ్ములు బస్సులో వేసి పంపమన్నాడట వాళ్ల నాన్న. అవి రాగానే పెట్టి పంపిస్తాను.