వైజాగ్‌లో ఉండి అడవులూ సముద్రం మీద డిగ్రీ చేద్దామనుకునేవాళ్ళకి

ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్ వద్దు, అడవులూ జంతువులూ సముద్రం ఇలాంటివాటి మీద చదవాలనుంది అనే పిల్లలు వైజాగ్‌లో బాగానే ఉన్నారు, ఇంట్లో అమ్మానాన్నలది మాత్రం ఒకటే ప్రశ్న, "అది చదివితే ఉద్యోగం ఏటొస్తాది?" అని. ఆ ప్రశ్న తప్పేం కాదు. అందుకే కాలేజీ పేరు దగ్గర మొదలెట్టకుండా ఉద్యోగం దగ్గర మొదలెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రండి అంటాను నేను.

సహజ వనరుల సంరక్షణ అనే పేరుతోనే డిగ్రీ కావాలని వెతికితే మన చుట్టుపక్కల దొరకడం కష్టం, ఆ పేరు పట్టుకుని వేలాడొద్దు. దానికి దగ్గరగా ఉండే చదువుల్లో ఒకటి నాలుగేళ్ళ బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ, దీనికి ఊరు వదలాలి. భువనేశ్వర్‌లో ఉంది, తమిళనాడు మెట్టుపాళయంలో, కేరళ వెల్లనిక్కరలో, కర్ణాటక సిర్సిలో, హిమాచల్ నౌణీలో ఉన్నాయి, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోటా సీట్లకి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. తెలంగాణలో 2016లో పెట్టిన ఫారెస్ట్ కాలేజీ ములుగులో ఉంది, సమ్మక్క జాతర జరిగే ములుగు జిల్లా కాదండోయ్, సిద్దిపేట జిల్లా ములుగు. అక్కడికి అప్లై చేసేముందు లోకల్, నాన్‌లోకల్ రూల్ ఏముందో నోటిఫికేషన్‌లో చదువుకోండి.

ఇంకో దారి ఇక్కడే ఉండి మామూలు బీఎస్సీ చేయడం. ఇక్కడే చాలామంది చూసుకోని విషయం ఒకటుంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయాలంటే యూపీఎస్సీ ఒక లిస్టు ఇస్తుంది, డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, జియాలజీ, మ్యాథ్స్, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, పశువైద్యం వీటిలో కనీసం ఒక సబ్జెక్టు ఉండాలి, లేదా అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్‌లలో డిగ్రీ ఉండాలి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అన్న మాట ఆ లిస్టులో లేదు! పేరు బాగుందని ఎన్విరాన్‌మెంట్ ఒక్కటే తీసుకుని, తీరా డిగ్రీ పట్టా చేతికొచ్చాక ఆ లిస్టు చూసి తల పట్టుకునేకంటే, బోటనీయో జువాలజీయో మేజర్‌గా పెట్టుకుని ఎన్విరాన్‌మెంట్‌ని మైనర్‌గానో పీజీలోనో చూసుకోవడం మేలు. ఆన్‌లైన్ అడ్మిషన్లలో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నెట్ సెంటర్ అన్నయ్యకి వదిలేయకుండా మీరే పక్కన కూర్చుని పెట్టుకోండి, మేజర్, మైనర్ రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషనే చూడండి, సీనియర్ చెప్పిన మాట కాదు. అన్నట్టు ఆ ఫారెస్ట్ సర్వీస్‌కి నడక పరీక్ష కూడా ఉంది, నాలుగు గంటల్లో మగవాళ్ళు 25 కిలోమీటర్లు, ఆడవాళ్ళు 14. బీచ్ రోడ్డు ఉన్నది దేనికి మరి.

ఇక చదువు. సిలబస్ ఏ కాలేజీలోనైనా నోట్స్ చెప్పి రాయించేదే ఎక్కువ, దాంతో పరీక్ష గట్టెక్కుతారు తప్ప పని రాదు. పని అంటే కొలవడం. పది మీటర్ల తాడు కొలిచి నాలుగు వైపులా చతురస్రం గీసి అందులో ఏ చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి చుట్టుకొలత తీయడం, దాన్ని 3.14తో భాగిస్తే మాను అడ్డం కొలత వస్తుంది. గడ్డి, చిన్న మొక్కలకైతే ఒక మీటరు చతురస్రం చాలు. ఇలాంటివి వానలకి ముందో సారి, తర్వాతో సారి ఒకే చోట చేసి పెట్టుకుంటే ఫైనలియర్ ప్రాజెక్టు సగం అయిపోయినట్టే. బొటానికల్ పేరుతో పాటు ఊళ్ళో పిలిచే పేరు కూడా రాసుకోండి, రేల, మోదుగ, బిల్లుడు, నల్లమద్ది ఇలా, ఎందుకంటే రేపు ఏజెన్సీలో ఒక ముసలాయన్ని అడగాలంటే లాటిన్ పేరు పనికిరాదు కదా.

దీనికి వైజాగ్ అంత అనుకూలమైన ఊరు తక్కువ. హైవే పక్కనే కంబాలకొండ, దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు, గాలి పోసిన ఇసుకని వానలు కోసుకుంటూ పోయిన చోటు, జియోలాజికల్ సర్వే గుర్తించిన భౌగోళిక వారసత్వ స్థలం, జియాలజీ పిల్లలు కోత గురించి పుస్తకంలో బొమ్మ చూసేకంటే అక్కడ ఒక పూట నిలబడితే చాలు. నీటిపక్షులకి అనకాపల్లి వైపు కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు. చలికాలం చివర్లో మన బీచుల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి, ఫారెస్టోళ్ళు ఆ గుడ్లు తీసి హేచరీల్లో పెడతారు, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి, ఇసుక వేడిని బట్టే ఆడా మగా తేలుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు హార్బర్లో మత్స్యకారులు కాస్త తీరిగ్గా ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ ఉంటే పక్కన కూర్చుని అడగండి, ఏ చేప తగ్గింది ఎప్పట్నుంచి తగ్గింది అని, పుస్తకంలో లేనిది చెబుతారు.

చట్టాలు బోరు అనుకుంటారు గానీ వదలకండి. 1972 వన్యప్రాణి చట్టం, 1980 అటవీ సంరక్షణ చట్టం, 1986 పర్యావరణ చట్టం, 2002 జీవవైవిధ్య చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, వీటిలో ఏది ఎందుకొచ్చిందో తెలిస్తే చాలు, సెక్షన్లు బట్టీ అక్కర్లేదు. అప్పటి మన విశాఖ జిల్లా కథ కూడా ఉంది ఇందులో, బొర్రా గుహల దగ్గరి గిరిజన ఊళ్ళ మైనింగ్ లీజుల గొడవే సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1997లో సమత తీర్పయింది, ఏజెన్సీ భూముల్ని ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజుకి ఇవ్వకూడదన్న తీర్పు. పోడు, అంటే అడవి కొట్టి చేసే సేద్యం గురించి మాట్లాడేముందు అది చదవండి, లేకపోతే గిరిజనులే అడవి నరికేస్తున్నారు అని తేలిగ్గా అనేస్తాం.

కంప్యూటర్ పనిలో మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఒక్కటి నేర్చుకోండి, ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఫారెస్ట్ సర్వే రెండేళ్ళకోసారి ఇచ్చే అటవీ నివేదిక కూడా ఉచితమే. ఇంకా స్టాటిస్టిక్స్, బైపీసీ వాళ్ళకి భయమని తెలుసు, అయినా తప్పదు.

డిగ్రీ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ పీజీ ఉంది, బయటికెళ్తే డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్ఆర్ఐ), భోపాల్‌లో అటవీ మేనేజ్‌మెంట్ చెప్పే ఐఐఎఫ్ఎం. రాష్ట్రంలోనే ఉండాలంటే ఏపీపీఎస్సీ రేంజ్ ఆఫీసర్, బీట్ ఆఫీసర్ నోటిఫికేషన్లు కాచుకోవాలి, ఏటా రావు కాబట్టి వాటి ఒక్కదాని మీదే కూర్చోవద్దు.

ఫీల్డుకెళ్ళేముందు ఒక మాట. అభయారణ్యంలో ఆకు కోసినా, పురుగు పట్టినా అనుమతి లేకపోతే కేసే. కాలేజీలో మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌తో లెటర్ రాయించుకుని అటవీ అధికారి (డీఎఫ్ఓ) ఆఫీసులో ఇచ్చి, వాళ్ళిచ్చే కాగితం జిరాక్స్ బ్యాగులో పెట్టుకోండి. ఒంటరిగా వద్దు, మోకాలిదాకా బూట్లు వేసుకోండి, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకండి.