టెక్నో లాంటి సంగీతాన్ని వారసత్వ జాబితాకెక్కించాలంటే

టెక్నో అంటే క్లబ్బుల్లో డాన్స్ కోసం వాయించే ఎలక్ట్రానిక్ సంగీతం. 2024 మార్చిలో బెర్లిన్ టెక్నో సంస్కృతి జర్మనీ అమూర్త వారసత్వ జాబితాలో, అంటే కట్టడాలు కాకుండా ఆచారాలు, కళలు, నైపుణ్యాలు ఉండే జాబితాలో చేరింది. చాలామంది అనుకున్నట్టు అది యునెస్కో ప్రపంచ జాబితా కాదు. అక్కడికి వెళ్లాలంటే ముందు దేశంలోని జాబితాలో పేరుండాలి.

దరఖాస్తులో మొదట తేల్చుకోవాల్సింది పేరు. టెక్నో పుట్టింది అమెరికాలోని డెట్రాయిట్‌లో. అందుకే జర్మనీ జాబితాలో ఉన్నది టెక్నో కాదు, ‘బెర్లిన్‌లోని టెక్నో సంస్కృతి’. ఈ తేడా చూసుకోకపోతే ‘మీదెలా అవుతుంది?’ అన్న ప్రశ్నకు జవాబుండదు.

తర్వాత, పాటల చిట్టా రాయకండి. అమూర్త వారసత్వంపై 2003లో వచ్చిన యునెస్కో ఒప్పందం చూసేది మనుషులు చేస్తున్న పనిని, అది ఒకరి నుంచి ఒకరికి అందే తీరుని. డీజే ఒక చెవికే హెడ్‌ఫోన్ పెట్టుకుని, రికార్డు వేగం మార్చే పిచ్ స్లయిడర్‌ను వెంట్రుకవాసి జరుపుతూ రెండు రికార్డుల వేగం కలుపుతాడు. అది ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నాడో రాయండి. డాన్స్‌ఫ్లోర్ మర్యాదలు, ఫొటోలు తీయొద్దనే కట్టుబాటు కూడా ఇందులోకే వస్తాయి. ‘అసలైన’, ‘సాటిలేని’ లాంటి మాటలు తీసేయండి. యునెస్కో వాటిని ఒప్పుకోదు.

సమ్మతి పత్రాలు ఆఖరికి పెట్టుకుంటే పని చెడుతుంది. డీజేలు, క్లబ్‌వాళ్లు, నిర్వాహకులు, డాన్సర్లు, అందరి సంతకాలూ ముందే కావాలి. జర్మనీలో వీటికితోడు ఇద్దరు నిపుణుల లేఖలు జతచేసి, దరఖాస్తును రాష్ట్ర ప్రభుత్వానికి ఇవ్వాలి.