ఏథెన్స్ గుడ్లగూబ నాణెం: కొనేముందు పరీక్షలు
క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ టెట్రాడ్రాక్మ్ (గుడ్లగూబ బొమ్మ ఉన్న వెండి నాణెం) చేతికొస్తే ముందు తూకం వేయండి. 17.2 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. బాగా తగ్గితే లోపల రాగి, పైన వెండి తొడుగేమో చూడాలి. తర్వాత దారం కట్టి, గిన్నెకు తగలకుండా నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూచండి. సుమారు 1.64 గ్రాములు తగ్గాలి; మొదటి తూకాన్ని ఈ తగ్గుదలతో భాగిస్తే 10.5, అదే వెండి సాంద్రత.

అసలు వెండినే అచ్చులో పోసి చేసిన నకిలీ ఇందులోనూ నెగ్గుతుంది. అందుకే పది రెట్ల భూతద్దంతో అంచు చూడండి: చుట్టూ సన్నని అతుకు గీత, అక్షరాల పక్కన బుడగల గుంటలు ఉంటే వదిలేయండి. గుడ్లగూబ మీద ఉలి గాటుంటే బెదరక్కర్లేదు, లోపలా వెండేనా అని ఆనాటివాళ్లు కోసి చూసిందే, ధరా తగ్గుతుంది. మోత వినాలని బండ మీద వేయొద్దు, పాత వెండి పెళుసుబారి విరగొచ్చు. చింతపండు, విభూతి పెట్టి తోమకండి. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి.