డ్రైవాల్ మూసేలోపు గోడల ఫోటోలు

అమెరికాలో కొత్త ఇల్లు కట్టించుకున్నాక టీవీ తగిలించాలన్నా, షెల్ఫు బిగించాలన్నా ఒకటే గుబులు: డ్రిల్లు పెట్టే చోట లోపల వైరుందో, నీళ్ల పైపుందో! డ్రైవాల్ (గోడ పైన బిగించే జిప్సం పలకలు) మూయకముందే లోపలి ఫోటోలు తీసి పెట్టుకుంటే ఆ గుబులు తగ్గుతుంది.

వైరింగు, ప్లంబింగు రఫ్-ఇన్ (గోడల లోపల వైర్లు, పైపులు వేసే దశ) తనిఖీలు అయ్యాక, వేడీ చలీ ఆపే ఇన్సులేషన్ కూరకముందు కొద్దిపాటి వ్యవధి దొరుకుతుంది. బిల్డరు తరఫు సూపరింటెండెంట్‌ని అడిగి అప్పుడు వెళ్లండి. మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి, కిందంతా మేకులే.

ఎడమ మూల దగ్గర సున్నా ఉండేలా టేపును గోడ వారగా నేలమీద పరవండి. ఇంకో టేపు నిలువుగా. గది పేరు, ఏ వైపు గోడో కాగితం మీద రాసి అతికించి, ఫోను గోడకు ఎదురుగా నిటారుగా పట్టి తీయండి. ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది. పొడవు గోడలను ఆరేసి అడుగుల ముక్కలుగా, పక్క ఫోటోలో ఒక స్టడ్ (గోడ లోపలి నిలువు చెక్క) మళ్లీ కనిపించేలా తీయాలి. స్టడ్ మీద ఇనుప పలక కనిపిస్తే అక్కడ చెక్కలోంచి వైరో పైపో పోతోందన్నమాట. దాన్ని దగ్గరగా ఇంకోటి తీసుకోండి. సీలింగ్ మర్చిపోవద్దు.

తర్వాత కొలిచేటప్పుడు మూలలో అరంగుళం డ్రైవాల్ వచ్చి ఉంటుంది కాబట్టి ఫోటోలోని అంకెలోంచి అరంగుళం తీసేయాలి. ఎత్తులోంచి ఫ్లోరింగ్ మందం తీసేయాలి. చెక్కదైతే సాధారణంగా ముప్పావంగుళం.

ఫోటోలు తీశాక స్విచ్చో పైపో జరిపారంటే ఆ గోడ ఫోటో పనికిరాదు, మళ్లీ తీయాల్సిందే. స్టడ్ల మధ్య వదులుగా వేలాడే వైరు కూడా ఇన్సులేషన్ కూరేటప్పుడు కాస్త జరగొచ్చు, ఫోటోలో వైరున్న చోటికి రెండంగుళాలు వదిలి డ్రిల్ చేయండి.