ఎక్స్‌టెన్షన్‌కి అన్ని గదుల తాళాలూ ఇచ్చేశారా?

మొన్న ఎంవీపీ కాలనీలో మా పిన్ని ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉందంటే చూశాను. క్రోమ్‌లో తొమ్మిది ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు! అందులో ఒకటి పేజీ రంగు మార్చేది, అంతే. దానికి మాత్రం అన్ని సైట్లలో పని చేసే అనుమతి ఉంది. అంటే ఆవిడ బ్యాంకు పేజీ తెరిచినా అది చదవగలదు, మార్చగలదు కూడా.

దీన్ని కట్టడి చేయడం తేలిక. పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, ఎక్స్‌టెన్షన్స్‌లో మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్‌కి వెళ్లండి. దేనికి కావాలో దాని కింద డీటెయిల్స్ నొక్కితే 'సైట్ యాక్సెస్' కనిపిస్తుంది. 2018లో క్రోమ్ 70తో వచ్చిన సౌకర్యమే ఇది, మనమే పట్టించుకోం. అక్కడ 'ఆన్ క్లిక్' పెడితే మీరు ఆ ఎక్స్‌టెన్షన్ బొమ్మ నొక్కినప్పుడే అది ఆ పేజీలోకి వస్తుంది. పిన్నికి అదే పెట్టాను. 'ఆన్ స్పెసిఫిక్ సైట్స్' ఎంచుకుంటే అడ్రసులు మీరే ఇవ్వాలి.

ఇక్కడే ఒక మెలిక. సైట్ పేరు ముందు నక్షత్రం గుర్తు, చుక్క పెడితే దాని సబ్‌డొమైన్లు, అంటే ఆ పేరు ముందు మరో పేరు చేర్చిన అడ్రసులు, అన్నీ ఆ అనుమతిలోకి వచ్చేస్తాయి. మన ఆఫీసు సైటైతే పర్లేదు. బ్లాగులు పెట్టుకునే బ్లాగ్‌స్పాట్ లాంటి చోట ఎవరైనా సబ్‌డొమైన్ తెరవొచ్చు కాబట్టి అక్కడ పూర్తి అడ్రసే ఇవ్వండి.

ప్రకటనలు ఆపే యాడ్ బ్లాకర్‌కి మాత్రం అన్ని సైట్లూ కావాలి, దాన్ని కదపకండి. మార్చాక తెరిచి ఉన్న ట్యాబులు ఒకసారి రీలోడ్ చేయండి.