కోడి మెడ వాల్చేసిందా? మందు సీసా కంటే ముందు పెంటదిబ్బ చూడండి

పొద్దున్నే గూడు తలుపు తీస్తే అన్నీ బయటికి ఉరికాయి, ఒక పెట్ట మాత్రం లేవలేదు. కళ్లు తెరిచే ఉంది, మెడ మాత్రం తడి గుడ్డలా నేల మీద పరుచుకుంది. చూసినవాళ్లంతా "కొక్కెర తెగులు, మిగతావి అమ్మేయండి" అన్నారు. కానీ అది కొక్కెర కాదు.

మెడ వాలిందా, మెలి తిరిగిందా?

కొక్కెరలో మెడ పక్కకో వెనక్కో మెలి తిరుగుతుంది. గురక పెడుతుంది, ఆకుపచ్చగా పారుతుంది. అది వైరస్, దానికి ముందుగా టీకా వేయించుకోవడమే దారి. మెడ మెత్తగా వాలిపోయి, అంతకుముందే కాళ్లు, రెక్కలు పట్టు తప్పి, ఈకలు పట్టుకుంటే ఊడొస్తుంటే అది బొటులిజం. ఒక బ్యాక్టీరియా వదిలిన విషం నరాలను పడగొడుతుంది.

ఆ విషం ఎక్కడిది? మా ఇంట్లో పెంటదిబ్బ వెనక చచ్చిన పందికొక్కు దొరికింది. కర్రతో తిరగేస్తే తెల్లటి పురుగులు కుప్పగా కదులుతున్నాయి. కోళ్లకు అంతకంటే విందు ఏముంటుంది! కుళ్లిన మాంసంలో పుట్టిన విషం పురుగును ఏమీ చేయదు, పురుగును తిన్న కోడిని పడగొడుతుంది. 2019 నవంబరులో రాజస్థాన్ సాంభర్ సరస్సు దగ్గర వేల వలస పక్షులు రాలిపోయినప్పుడు బరేలీలోని భారత పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్‌ఐ) పరీక్షల్లో తేలింది కూడా ఇదే. చచ్చిన పక్షిలో పురుగు, పురుగును తిన్న పక్షి చావు, దానిలో మళ్లీ పురుగు.

కాబట్టి మొదటి పని కళేబరం తీసేయడం: గ్లవ్స్ వేసుకుని, లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. పడిపోయిన కోడిని నీడలో విడిగా ఉంచండి. మెడ వాలిన కోడికి నోట్లో నీళ్లు పోయకండి, మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. యాంటీబయాటిక్ ఇప్పటికే ఒంట్లో చేరిన విషాన్ని విరిచేయలేదు. తక్కువ తిన్నవి ఒకటి రెండు రోజుల్లో తేరుకోవచ్చు. మా పెట్ట మూడో రోజు లేచింది, సాయంత్రం పడిపోయిన పుంజు లేవలేదు.

తింటున్నాయి కానీ ఎదగడం లేదు, గుడ్లు తగ్గాయి

టీకాలు వేసినా రోగాలు వస్తున్నాయి, చచ్చినదాన్ని కోస్తే కాలేయం పాలిపోయి పసుపుగా ఉంది. ఇలాంటప్పుడు నా అనుమానం ముందు దాణా సంచి మీదికే పోతుంది. తేమ పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్కల్లో బూజు వదిలే అఫ్లాటాక్సిన్ ఇది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చింది వేరుశనగ చెక్కలోని ఈ విషం వల్లే. బాతులైతే ఇంకా త్వరగా పోతాయి.

"ఎండలో పోస్తే సరిపోతుంది" అంటారు. సరిపోదు. ఎండకు తేమ పోతుంది, విషం అలాగే ఉంటుంది, ఉడకబెట్టినా పోదు. మంచి దాణాలో కలిపి సర్దేయడం ఇంకా తప్పు. గేదెకు పడేయడమూ వద్దు, పాలల్లోకి దిగుతుంది. పారేయడం కష్టమే, ఆ సంచి డబ్బు గుర్తొస్తుంది. అయినా పారేయాల్సిందే. దాణాలో కలిపే, విషాన్ని పట్టి ఉంచే టాక్సిన్ బైండర్ కొంత సాయం చేస్తుంది, దాన్ని నమ్ముకుని బూజు దాణా పెట్టకండి.

కొనేటప్పుడు నాలుగు గింజలు కొరికి చూడండి, కటుక్కుమనాలి. సంచులు చెక్కల మీద, గోడకు ఎడంగా పెట్టండి. వానాకాలంలో పదిహేను రోజులకు సరిపడా మించి కొనకండి.

తోలుగుడ్లు

సాధారణంగా కాల్షియం లోటు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నలగ్గొట్టిన ఆల్చిప్పలు విడిగా గిన్నెలో పెట్టండి, పెట్ట తనకు కావాల్సినంత తింటుంది. గుడ్లు పెట్టే కోళ్ల దాణా పిల్లలకు మాత్రం వద్దు, అంత కాల్షియం వాటి కిడ్నీలను పాడు చేస్తుంది.

పిల్లల ముడ్డి దగ్గర తెల్లగా అంటుకుపోవడం

పుల్లోరం అనే సాల్మొనెల్లా కావచ్చు. గుడ్డులోంచే వస్తుంది. బతికిన పిల్ల కూడా పెద్దయ్యాక ఆ బ్యాక్టీరియాను మోస్తుంది, కాబట్టి ఆ పెట్ట గుడ్లు పొదగేయకండి. రెట్టలో రక్తం ఉంటే అది పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే కాక్సీడియోసిస్ కావచ్చు, దాని మందు వేరు. తెలిసినవాళ్లు చెప్పారని ఏదో పొడి నీళ్లలో కలపకండి. ఒకప్పుడు అలా కలిపేసిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మన దేశంలో 2019లో పశువులకు, కోళ్లకు నిషేధించారు.

పొలంలో పావురాలు, నెమళ్లు పడి ఉంటే

చుట్టుపక్కల విత్తేవేళ అయితే పురుగుమందు పట్టించిన విత్తనం తిని ఉండొచ్చు. చల్లాక గింజలు పైకి కనబడకుండా మట్టి కప్పాలి. పడి ఉన్నవాటిని వట్టి చేతులతో తాకకండి, కుక్కలను, కోళ్లను అటు పోనివ్వకండి. నెమలి అయితే అటవీ శాఖకు చెప్పాలి. కాకులో కోళ్లో ఒక్కసారిగా గుంపుగా చస్తుంటే బర్డ్ ఫ్లూ అనుమానించి, దేన్నీ కదపకుండా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి.

ఒకటీ అరా చచ్చినప్పుడైతే కళేబరాన్ని రెండు కవర్లలో చుట్టి, ఐసు పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. దాణా సంచిలోంచి ఒక గుప్పెడు కూడా పొట్లం కట్టుకెళ్లండి.