పాత కారు మార్చేస్తున్నారా? పేరు మారందే రెండో తాళం ఇవ్వొద్దు

పోయిన నెల ఒడిశా రాయగడలో మాకు తెలిసిన ఒక రిటైర్డు మాస్టారికి తెల్లారకుండానే పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. సాలూరు ఘాట్ కింద ఆయన కారు పట్టుబడిందట, డిక్కీ నిండా గంజాయి మూటలట. "నా కారేటి బాబూ, అమ్మేసి ఏడాదిన్నరయింది కదా" అన్నారాయన. అవతలాయన ఒక్కటే అడిగాడు: "మరి ఆర్సీలో పేరెవరిది?"

పేరు మాస్టారిదే. కొన్నవాడు ఎవడో ఆయనకు గుర్తు కూడా లేదు. బ్రోకర్ తెచ్చిన ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, డబ్బులు లెక్కపెట్టుకుని, తాళం ఇచ్చేశారు. ఇప్పుడు వాయిదాకోసారి ఘాట్ దిగి వెళ్లొస్తున్నారు. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం లెక్కలో అది వాణిజ్య పరిమాణం, అలాంటి కేసులో బెయిలు కూడా అంత సులువుగా రాదు.

వానలు పడేలోపు పాత బండి వదిలించుకుందామని మన కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం వైపు చాలామంది చూస్తున్నారు. నేనూ పోయినేడు నా కాంటెస్సా క్లాసిక్ కారు అమ్మేశాను. 1.8 ఇసుజు పెట్రోల్ ఇంజను, ఐదు గేర్లు, వెనక చక్రాల లాగుడు. మన ఊళ్ల వరకు స్పోర్ట్స్ కారంటే అదే, ఎవరేమనుకున్నా సరే. తయారీ 2002తో ఆగిపోయింది. సామాన్ల కోసం కలకత్తాకు ఫోన్లు చేసి చేసి అలసిపోయాను. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, పాత రబ్బరు పైపులు దానికి ఓర్చుకోవు. సుంకి ఘాట్ మధ్యలో బానెట్ ఎత్తి, పిల్లల్ని వానలో నిలబెట్టిన రోజు నిర్ణయం అయిపోయింది. ఎందుకు మార్చాలో మీకూ తెలుసు కాబట్టి దాని జోలికి పోను. మైలేజీ, టైర్లు, సర్వీసు పుస్తకం చూసుకోమని కూడా చెప్పను. అది ఎవరైనా చెబుతారు.

నేను చెప్పేది ఒక్కటే: బండి వెళ్లిపోతుంది, పేరు ఉండిపోతుంది. మనవాళ్ల కొంపలు ముంచేది ఇదే.

అమ్మేటప్పుడు

మోటారు వాహనాల చట్టం దృష్టిలో ఓనరంటే రిజిస్ట్రేషన్లో పేరున్నవాడు. డబ్బు ఎవరిచ్చారు, బండి ఎవరింటి ముందుంది అన్నది తరవాతి మాట. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది కూడా ఇదే. ఆ కారు అమ్మకమై ఒకరి తరవాత ఒకరికి చేతులు మారింది. ఎవరూ పేరు మార్పించుకోలేదు. యాక్సిడెంటయ్యాక నష్టపరిహారం మొదట అమ్మినాయన మెడకే చుట్టుకుంది. ఆ టైముకి ఇన్సూరెన్స్ కూడా లేకపోతే అది మీ ఇల్లూ పొలం మీద పడుతుంది.

మన ఒడిశా-ఆంధ్రా సరిహద్దులో ఇంకో తిరకాసుంది. ఒకే రాష్ట్రంలో అమ్మితే పేరు మార్పు కాగితాలైన ఫారం 29, ఫారం 30తో పని నడుస్తుంది, అమ్మిన సంగతి 14 రోజుల్లో ఆర్టీవోకి మీరే తెలపాలి. ఒడిశా బండి పార్వతీపురం వాడో విజయనగరం వాడో కొంటే ముందు ఫారం 28, అంటే ఎన్‌వోసీ, కావాలి. ఎన్‌వోసీ చేతికొచ్చిందంటే పనైపోయిందని మనవాళ్లు గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటారు. అవ్వలేదు. ఎన్‌వోసీ అంటే "బండి వేరే చోటికి వెళ్లడానికి మాకు అభ్యంతరం లేదు" అనడమే. అవతలి రాష్ట్రంలో కొత్త నంబరు, కొత్త పేరు పడేదాకా ఓనరు మీరే. కొన్నవాడు ఆ కాగితం డాష్‌బోర్డులో పడేసి రెండేళ్లు తిరుగుతాడు. అక్కడ మళ్లీ రోడ్డు ట్యాక్సు కట్టాలి కదా, అందుకని.

అందుకే ధరలో కొంత, మనసుకి తగిలేంత, కొత్త ఆర్సీ కాపీ మీ చేతికొచ్చేదాకా మీ దగ్గర ఆపుకోండి. నేను ఇరవై వేలు ఆపాను. కొన్న కుర్రాడు మొదట మొహం మాడ్చుకున్నా నలభై రోజుల్లో పేరు మార్పించుకొచ్చి డబ్బు పట్టుకెళ్లాడు.

పాత బండ్లకు మరో చిక్కు: పుస్తకం ఆర్సీ కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు తప్పులు దొర్లుతాయి. నా కాంటెస్సాకి కిరసనాయిలు గుడ్డతో ఛాసిస్ నంబరు పలక తుడిచి, మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. నా ఆర్సీలో ఉన్న 3, పలక మీద 8. ఆ ఒక్క అంకె సరిచేయించడానికి ఆరు వారాలు పట్టింది. ఇక కాంటెస్సాకో అంబాసిడర్‌కో ఎప్పుడో డీజిల్ ఇంజను మార్పించి ఆర్సీలో ఎక్కించనివాళ్లు ముందు ఆ సంగతి చూసుకోండి, లేకపోతే ఏ బదిలీ జరగదు. 15 ఏళ్లు దాటి రెన్యువల్ లేని ఆర్సీ కూడా మారదు. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు పదివేలు. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆశ పెట్టుకోకండి, అది 50 ఏళ్లు దాటిన వాటికే.

కొనేటప్పుడు

ఇక్కడా అదే తప్పు, అటువైపు నుంచి. పేరు మారని బండి కొంటే పాత ఓనరు లోను, చలాన్లు, కేసులు అన్నీ మీతో ఘాట్ ఎక్కుతాయి. ఆర్సీలో హైపోథికేషన్, అంటే లోనుకి బండి తాకట్టు, ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఆ తాకట్టు తీసేసే ఫారం 35 చూడందే అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడలో బోలెడు కార్లు మునిగాయి. అలాంటివి తళతళలాడించి దూరపు ఊళ్లలో అమ్ముతారు. సీటుబెల్టు చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో మట్టి చార కనిపిస్తుంది. స్టెప్నీ తీసి దాని కింద గుంటలో వేలు పెట్టి రుద్ది చూడండి. సెంటు వాసన గుప్పుమంటుంటే ఎందుకో ఆలోచించండి.

నలుగురు ఎక్కి, ఏసీ వేసి, ఘాట్ మీదే నడిపి చూడాలి. ఊళ్లో రోడ్డు మీద కాదు.

ఇక వరసగా చెప్పేస్తున్నాను, రాసుకోండి.

ఖాళీ ఫారం మీద సంతకం వద్దు. కొనేవాడి పేరు, తేదీ మీ కళ్ల ముందే రాయించండి.

ఒడియాలో రాసిన అగ్రిమెంటు మీకు చదవడం రాకపోతే చదివే మనిషిని తీసుకెళ్లండి. బ్రోకర్‌తో చదివించుకోవద్దు.

పేరు మార్పుకి మీ ఫోనుకొచ్చే ఓటీపీ ఎవరికీ ఫోన్లో చెప్పొద్దు. "సర్వర్ స్లోగా ఉంది సార్, ఒక్కసారి చెప్పండి" అన్నా వద్దు.

డీలరుకు ఇస్తుంటే ఆర్టీవో ఇచ్చిన ఆథరైజేషన్ చూపించమనండి, బండి డీలరుకు అప్పగించామని తెలిపే ఫారం 29సి పెట్టించండి. 2023 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది. లేదంటే ఆ కొట్టు దిగి వచ్చేయండి.

డెలివరీ నోటులో తేదీతో పాటు గంట కూడా రాయండి. లేకపోతే రాత్రి తొమ్మిదికి జరిగిన యాక్సిడెంటుకు సాయంత్రం ఆరుకి బండి ఇచ్చినవాడు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

పేరు మారేదాకా ఇన్సూరెన్స్ ఆగనివ్వకండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము లేని ఏళ్లకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, మీది, బండిది కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి దాని లెటరు తీసుకుని కొత్త కారుకు వాడుకోండి.

ఫాస్టాగ్ పీకేయండి, అకౌంటు మూయించండి.

కొత్త బండికి మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ తరవాత. ముందు ఆర్సీ.

బావమరిదికి అమ్మినా ఇదే రూలు. బావమరిదికైతే మరీను.

వారానికోసారి రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో బండి నంబరు కొట్టి పేరు చూడండి. మారలేదా? ఫోన్ చేయండి. ఎత్తలేదా? వాళ్ల ఊరెళ్లండి.

రెండో తాళం బీరువాలోనే ఉంచండి. పేరు మారాక ఇద్దురు గాని.